పచ్చ రాడ్డు విరిగిన సంగతి

పోయిన వేసవిలో నేను అమెరికా వెళ్ళొచ్చానని మా బ్యాచ్ అందరికీ తెలుసు. ఏం చూశావురా అని అడిగిన ప్రతివాడికీ గ్రాండ్ కాన్యన్ అని చెప్పి తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే నేను గ్రాండ్ కాన్యన్ చూడలేదు. ఆరు వారాల్లో సగం రోజులు కొలరాడోలో సౌత్ ప్లాట్ అనే నదిలో మోకాళ్ళ లోతు చన్నీళ్ళలో నిలబడి ఒక కర్ర ఊపుతూ గడిపాను. ఈ మాట హాస్టల్లో చెబితే ఏమవుతుందో మీకు తెలుసు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఆ కర్రల్లో ఒకటి నా వల్ల విరిగింది. విరిగాక మూడు రోజుల పాటు నోరు మూసుకుని ఉన్నాను. కాదు, సరిగ్గా చెప్పాలంటే విరగడానికి ముందు మూడు రోజులు, విరిగాక ఇంకో రెండు రోజులు.

మా పెదనాన్న డెన్వర్ పక్కన ఉంటారు. ముప్ఫై ఏళ్ళు దాటింది వెళ్ళి. ఈ మధ్యే రిటైరయ్యారు. ఇల్లు అమ్మేసి హ్యూస్టన్‌లో మా అక్క వాళ్ళింటి దగ్గరికి వెళ్ళిపోదామని పెద్దమ్మా ఆయనా తీర్మానించుకున్నారు. నేను వెళ్ళేసరికి ఇల్లంతా అట్టపెట్టెలు. గరాజ్‌లో గోడకి వరసగా ఎనిమిది ఫ్లై రాడ్లు. హ్యూస్టన్‌లో ట్రౌట్ లేదు, కొండ ఏరూ లేదు. పెద్దమ్మ తీర్పు ఒకటే: "మూడు. నాలుగోది కనబడిందంటే చిక్కుడు పాదుకి పందిరేసేస్తాను." ఏ మూడు ఉంచుకోవాలో తేల్చడానికి ఆయనకి నేనొక సాకు దొరికాను. "వాడికి నేర్పించాలి కదే" అనేవారు పెద్దమ్మతో. వారానికి మూడు రోజులు పొద్దున్నే బయల్దేరేవాళ్ళం.

చేపలు పట్టడం నాకు కొత్త కాదు. మాది కడియం దగ్గర. కాలవ గట్టు మీద కూర్చుని వెదురు గాలానికి వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా ఎదురు చూసి, జెల్లలూ పరిగెలూ పట్టినవాణ్ణే. కానీ అది వేరు, ఇది వేరు. మన గాలంలో ఎర బరువుగా ఉంటుంది, సీసం గుండు కూడా కడతాం, విసిరితే ఆ బరువే తాడుని లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి చుట్టిన దారం, రెండు ఈకలు, కాస్త బొచ్చు. ఉఫ్ మంటే ఎగిరిపోతుంది. దాన్ని ముప్ఫై అడుగులు విసరడం ఎలా? విసిరేది ఫ్లైని కాదు, తాడుని. తాడుకే బరువుంటుంది. అయిదో నంబరు లైను అంటే మొదటి ముప్ఫై అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. నాలుగో నంబరైతే 120, మూడైతే 100. ఆ తాడు వెనక్కి వెళ్ళి గాలిలో చాచుకున్నప్పుడు రాడ్డుని వంచుతుంది, రాడ్డు తిరిగి నిటారు అవుతూ తాడుని ముందుకి తోస్తుంది. రాడ్డు ఒక స్ప్రింగు, అంతే. మన స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో క్యాంటిలీవర్ బీమ్ చివర లోడ్ వేస్తాం చూడండి, అదే. కాకపోతే ఇక్కడ బీమ్ సన్నబడుతూ పోతుంది, లోపల బోలు, చివర లోడ్ కదులుతూ ఉంటుంది. ఈ ప్రాబ్లమ్ ఎగ్జామ్‌లో ఇవ్వనందుకు మా సారుకి థాంక్స్.

గ్రాఫైట్ రాడ్డు అంటారు గానీ అందులో పెన్సిల్ గ్రాఫైట్ ఏమీ ఉండదు. ఎపాక్సీలో కూర్చిన కార్బన్ ఫైబర్ అది. ఎపాక్సీ పట్టించిన కార్బన్ గుడ్డని ఒక కొలతకి కోసి, సన్నబడే ఉక్కు కడ్డీ చుట్టూ చుట్టి, పైన టేపు బిగించి, ఓవెన్‌లో కాల్చి, కడ్డీని లాగేస్తారు. మిగిలిన గొట్టమే రాడ్డు. అంతకు ముందు ఫైబర్‌గ్లాస్, దానికి ముందు వెదురు. చైనా నుంచి వచ్చే టోంకిన్ వెదురుని ఆరు ముక్కోణపు బద్దలుగా చీల్చి అతికించేవారట. 1950లో అమెరికా చైనాతో వ్యాపారం ఆపేశాక వెదురు దొరక్క గాజు రాడ్లు పుంజుకున్నాయి. గాజు ఫైబర్ మాడ్యులస్ దాదాపు 72 గిగాపాస్కల్స్, మామూలు కార్బన్ ఫైబర్‌ది 230, సాంద్రతేమో గాజుకి 2.5, కార్బన్‌కి 1.8. అంటే మూడింతలు బిగువు, బరువు తక్కువ. మెకానికల్ వాళ్ళకి ఇక వేరే చెప్పక్కర్లేదు.

పెదనాన్న పరీక్ష చాలా సింపుల్. ఎంత దూరం విసురుతుంది అని ఆయన ఎప్పుడూ చూడలేదు. "షాపు వెనకాల పార్కింగ్ లాట్‌లో ఎనభై అడుగులు ఎవడైనా వేస్తాడు. చేప ఉండేది పాతిక అడుగుల్లో. అక్కడ బతకాలి రాడ్డు" అనేవారు. రోజుకో రాడ్డు తీసుకెళ్ళి, డెకర్స్ అనే చిన్న ఊరి దగ్గర నీళ్ళలోకి దిగేవాళ్ళం. పైన చీస్‌మన్ డ్యాం ఉంది. రిజర్వాయర్ లోతుల్లోంచి వదిలే నీళ్ళు కాబట్టి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి. ట్రౌట్‌కి నీళ్ళు 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది. మన గోదావరిలో ఎందుకు లేవో అర్థమైంది కదా.

ముందు చేతికిచ్చింది ఫెన్‌విక్ హెచ్.ఎం.జి. చాక్లెట్ రంగు, ఎనిమిది అడుగులు, రెండు ముక్కలు. ఫెన్‌విక్ వాళ్ళు 1973లో ఈ పేరుతో గ్రాఫైట్ రాడ్లు తెచ్చారు, బజార్లోకి వచ్చిన మొదటి తరం అదే. పెదనాన్న దీన్ని ఎవరో ముసలాయన గరాజ్ సేల్‌లో పదిహేను డాలర్లకి కొన్నారు. పిడి కార్క్ నల్లబడిపోయి ఉంది. ఇప్పటి రాడ్ల పక్కన పెడితే మెత్తగా, నిదానంగా ఉంటుంది. నాలాంటి తొందరగాడికి అదే మంచిదైంది. వెనక్కి వెళ్ళిన తాడు పూర్తిగా చాచుకునేదాకా ఆగకపోతే అది ముందుకి రాదు, కాళ్ళ దగ్గర కుప్ప పడుతుంది. నా కాళ్ళ దగ్గర రెండు రోజులు పడింది.

సేజ్ వాళ్ళవి రెండున్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో డాన్ గ్రీన్ అనే ఆయన 1980లో పెట్టిన కంపెనీ. వాళ్ళ నంబర్లు చదవడం తేలిక: 389 అంటే మూడో నంబరు లైను, ఎనిమిది అడుగుల తొమ్మిది అంగుళాలు. 590 అంటే అయిదో నంబరు, తొమ్మిది అడుగులు. ఆయన దగ్గరున్న 389 ఎల్.ఎల్. సన్నగా జడకుచ్చులా ఉంటుంది. 590 ఎక్స్.పి. దానికి పూర్తిగా విరుద్ధం. బిగుసుగా, వేగంగా, గాలి ఎదురుగా వీస్తున్నా తాడుని కోసుకుంటూ పంపిస్తుంది. నాకు నచ్చింది. నిజంగా చాలా నచ్చింది. దాంతో ఒకసారి యాభై అడుగులు వేసి, వెనక్కి తిరిగి పెదనాన్న వైపు చూశాను. ఆయన థర్మాస్‌లోంచి కాఫీ పోసుకుంటున్నారు. "బాగుందిరా. చేప నీ కాలి దగ్గర్నించి పోయింది" అన్నారు.

ఎక్స్.పి. ని ఎందుకు అమ్మేస్తున్నారో అర్థం కావడానికి నాకింకో వారం పట్టింది. దానికి ఒక లెక్కుంది. ఫ్లైకి ముందు కట్టే సన్న దారాన్ని టిప్పెట్ అంటారు. దాని సైజు 5ఎక్స్, 6ఎక్స్ అని చెబుతారు. పదకొండులోంచి ఆ అంకె తీసేస్తే వచ్చేది వ్యాసం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 6ఎక్స్ అంటే అయిదు వేల వంతులు, అంటే ఒక మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు. మహా అయితే మూడు పౌన్లకి తెగుతుంది. దాని చివర రెండు పౌన్ల బ్రౌన్ ట్రౌట్ ఒక్కసారిగా తల విదిలిస్తే ఆ కుదుపుని ఎవరో ఒకరు మింగాలి కదా. రాడ్డు వంగి మింగుతుంది. వంగనంటే దారం తెగుతుంది. ఎక్స్.పి. తో నేను ఒకే పొద్దున నాలుగు చేపల్ని అలా పోగొట్టుకున్నాను. రాడ్డు తప్పేం లేదు, పెద్ద నదికీ పెద్ద గాలికీ కట్టినదాన్ని సన్న దారంతో వాడటం నా తప్పు. నాలుగు చేపల మూతుల్లో కొక్కేలు మిగిల్చినందుకు ఆ పూట నాతో పెద్దగా మాట్లాడలేదాయన.

అన్నట్టు, పట్టిన చేపని వదిలేస్తారు. ఈ మాట మా అమ్మకి వీడియో కాల్‌లో చెప్పాను. "పట్టీ, వదిలేస్తారా? పులుసు పెట్టుకోరా? పెట్రోలు ఎవరిది?" అంది. జవాబు చెప్పలేకపోయాను. పెదనాన్నకి ఫోన్ ఇస్తే ఆయన కూడా చెప్పలేకపోయారు.

స్కాట్ జి గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళతాను, ఎందుకంటే దాని మీద ఆయనకి ఏ రోజూ సందేహం రాలేదు. స్కాట్ కంపెనీని హ్యారీ విల్సన్ అనే ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టాడు, ఇప్పుడు ఫ్యాక్టరీ కొలరాడోలోనే మాంట్‌రోజ్‌లో ఉంది. మామూలుగా రెండు ముక్కలు కలిసే చోట ఒకటి రెండోదాని మీద టోపీలా ఎక్కుతుంది, అక్కడ లావుగా ఉంటుంది. జి లో మాత్రం లోపల ఒక చిన్న బోలు కార్బన్ ముక్క అతికించి ఉంటుంది, దాని మీదకి రెండో ముక్క జారుతుంది. బయట్నించి చూస్తే ఒకటే గీత. పైన రంగు కూడా ఉండదు. కాల్చేటప్పుడు చుట్టిన టేపు గాట్లు అలాగే వదిలేస్తారు, వేలితో తడిమితే గరగరలాడుతుంది. వంగితే ఎక్కడా విరుపు లేకుండా వంగుతుంది. ముందు దీన్ని పెట్టెలో పెట్టేశారు.

ఇక విన్‌స్టన్. 1929లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలై తర్వాత మోంటానాలో ట్విన్ బ్రిడ్జెస్ అనే ఊరికి వెళ్ళిన కంపెనీ. ముదురు పచ్చ రంగు, దాని మీద చేత్తో రాసిన అక్షరాలు. ఇది ఐ.ఎం.6. ఆ పేరు రాడ్డుది కాదు, హెర్క్యులీస్ అనే కంపెనీ తయారుచేసిన కార్బన్ ఫైబర్‌ది. మాడ్యులస్ దాదాపు 280. అప్పట్లో చాలామంది అదే ఫైబర్‌తో రాడ్లు చుట్టారు. ఒకే బియ్యంతో వందమంది అన్నం వండినట్టు. ఎవరి ఎసరు వాళ్ళది. ఎక్కడ ఎంత సన్నబడాలన్న లెక్కలోనే ఉంది అసలు సంగతి. నాలుగో నంబరు, ఎనిమిదడుగులు. పెదనాన్నకి గ్రీన్ కార్డు వచ్చిన నెలలో కొనుక్కున్నారట. "పచ్చ కార్డుకి పచ్చ రాడ్డు" అని పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది, ఆ నెల అద్దె ఆలస్యమైందట. ఎనిమిదింటిలో ఆయన పేరు రాసి ఉన్నది అదొక్కటే.

నాలుగో వారంలో ఆయన దాన్ని నా చేతికిచ్చారు. "ఇప్పుడు నీ చెయ్యి కుదిరింది, ఇది పట్టు" అన్నారు.

ఆ రోజు చేపలు పైకి రావట్లేదు. అడుగున తింటున్నాయి. అందుకని టంగ్‌స్టన్ పూస ఉన్న ఫ్లై కట్టారు, మునగడానికి. చిన్న పూసే, ఆవగింజ కంటే కాస్త పెద్దది. కానీ టంగ్‌స్టన్ సాంద్రత 19.3, సీసం కంటే ఎక్కువ. బరువైన ఫ్లైని విసిరేటప్పుడు నిదానంగా, వెడల్పుగా తిప్పాలి, తల మీదుగా కాకుండా పక్కగా. ఆయన చెప్పారు. నేను విన్నాను. పదింటికి గాలి లేచింది. నాకు ఎక్స్.పి. తో అలవాటైన వేగం చేతిలో ఉంది. వెనక తాడు చాచుకోకముందే ముందుకి కొట్టాను.

టిక్ మంది.

పెద్ద చప్పుడు కాదు. గోరుతో గాజు గ్లాసుని తట్టినట్టు. ఫ్లై వచ్చి రాడ్డు కొసకి అడుగు కింద తగిలింది. దగ్గరికి తెచ్చి చూశాను. పచ్చ వార్నిష్ మీద చిన్న తెల్ల చుక్క. వేలితో రుద్దాను. పోలేదు. వంచి చూశాను. మామూలుగానే వంగింది. పెదనాన్న ముప్ఫై గజాల కింద, ఒక బండ వెనక, నీళ్ళ వైపు చూస్తూ ఉన్నారు. వినలేదు.

చెప్పాల్సింది అప్పుడే. ఎందుకు చెప్పలేదో చాలాసార్లు ఆలోచించాను. తెలియక కాదు. అది మాత్రం రాసి పెట్టాలి. ఆరో సెమ్‌లో కాంపోజిట్స్ ఎలెక్టివ్ తీసుకున్నవాణ్ణి నేను. ఇంపాక్ట్ డ్యామేజ్ మీద సెమినార్ ఇచ్చినవాణ్ణి. 1970 ప్రాంతంలో రోల్స్ రాయిస్ వాళ్ళు ఆర్.బి.211 ఇంజనుకి హైఫిల్ అనే కార్బన్ ఫైబర్ ఫ్యాన్ బ్లేడ్లు చేశారు. బిగువులో, తేలికలో అద్భుతం. పక్షి తగిలితే ఏమవుతుందో చూద్దామని చచ్చిన కోడిని తోపులో పెట్టి కొడితే బ్లేడ్లు ముక్కలయ్యాయి. మళ్ళీ టైటానియంకి మారాల్సి వచ్చింది. ఆ ఇంజను ఖర్చులు మోయలేక 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది. ఈ కథ చెప్పి క్లాసులో చప్పట్లు కొట్టించుకున్నాను. అడ్డంగా తగిలే దెబ్బ అంటే కార్బన్‌కి పడదు. పైకి చుక్కే కనబడుతుంది, లోపల పొరలు విడిపోతాయి. స్లయిడ్ నంబరు కూడా గుర్తుంది, తొమ్మిది. అన్నీ తెలిసి, ఆ చుక్కని బొటనవేలితో కప్పి, పెదనాన్న చేతికి రాడ్డు తిరిగిచ్చాను. "ఎలా ఉంది?" అంటే "సూపర్" అన్నాను.

ఏమీ కాదేమో అనుకున్నాను. ఏమీ కాకపోతే చెప్పి బాధపెట్టడం దేనికి. ఇలాంటి తర్కం నాకు బాగా వచ్చు, సప్లీ రాసే ముందు కూడా ఇలాగే అనుకుంటాను.

మూడు రోజుల తర్వాత ఆయనే దాన్ని తీసుకున్నారు. రెండు దాటితే అక్కడ దాదాపు రోజూ కొండల మీద మబ్బులు కమ్ముతాయి. ఉరుము వినబడితే చాలు నీళ్ళలోంచి బయటికి రావాలి, కార్బన్ కరెంటుని పట్టుకుంటుంది, చేతిలో తొమ్మిదడుగుల మెరుపు కడ్డీ ఉన్నట్టే. "ఇంకొక్కటి" అని ఆయన విసిరారు. తాడు ఆగింది. ఎత్తారు. మంచి చేప, బ్రౌన్. రాడ్డు పిడి దాకా వంగింది. నేను వల పట్టుకుని పరిగెత్తుతున్నాను.

టపాకాయ పేలినట్టు వినబడింది. కొస ముక్క తాడు మీద జారుకుంటూ నీళ్ళలోకి పోయింది.

ఆయన ఒక్క క్షణం ఆగారు. తర్వాత రాడ్డుని చంకలో ఇరికించుకుని, తాడుని చేత్తో మెల్లగా లాగుతూ చేపని తెచ్చారు. తడి చేత్తో పట్టుకుని కొక్కెం తీశారు. చేప తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, అది తేరుకుని తనంతట తాను వెళ్ళేదాకా ఉంచారు. అది పోయాకే రాడ్డు వైపు చూశారు. కొస కూడా తాడుకే వేలాడుతూ ఉంది, పోలేదు. విరిగిన చోటు చెరుకు గడ విరిచినట్టు పీచులు పీచులుగా ఉంది. "పాతబడిపోయింది పాపం" అన్నారు.

పాతబడి విరగదు కార్బన్. కారులో ఇంటికొచ్చేదాకా ఏ మాటా మాట్లాడలేదు నేను. అలిసిపోయాననుకున్నారు.

రెండు రోజులయ్యాక డైనింగ్ టేబుల్ మీద రిపేరు ఫారం నింపుతున్నారు. కొత్త కొస చేసి పంపుతామని కంపెనీ వాళ్ళు చెప్పారట. ఎలా విరిగింది అన్న చోట కలం ఆగింది. "చేప లాగుతుండగా అని రాయనా, ఇంకేమన్నా రాయనా? ఇన్నేళ్ళలో ఇంతకంటే పెద్దవి పట్టాను దీంతో. అర్థం కావట్లేదురా" అన్నారు, తనలో తనే అనుకుంటున్నట్టు.

"పెదనాన్నా, మీకో మాట చెప్పాలి" అన్నాను.

చెప్పాను. టిక్, తెల్ల చుక్క, బొటనవేలు, అన్నీ. వంటింట్లో పెద్దమ్మ మిక్సీ ఆపింది.

ఆయన చాలాసేపు ఫారం వైపే చూశారు. తర్వాత అడిగిన మొదటి మాట: "పూస ఫ్లైయేనా?"

"అవునండీ."

"ఆ రాత్రి నేను కట్టిందే కదా అది" అన్నారు. మళ్ళీ కాసేపటికి, "ఆ పూటే చెప్పుంటే కొస పక్కన పెట్టేసేవాణ్ణి. ఆ చేపని స్కాట్‌తో పట్టేవాణ్ణి" అన్నారు. గొంతు పెంచలేదు. తిట్టుంటే బాగుండేది. ఫారం మీద ఫ్లై తగిలి దెబ్బ తిన్నది అని రాశారు. ఎవరి ఫ్లై అని రాయలేదు. మర్నాడు నది రోజు, కానీ వెళ్ళలేదు. అట్టపెట్టెలు సర్దుకుంటూ ఉండిపోయారు. నేను టేపు కత్తిరించి అందిస్తూ కూర్చున్నాను.

చివరికి లెక్క ఇలా తేలింది. స్కాట్ జి ఉంచారు. 389 ఉంచారు, మా అక్క కూతురు పెద్దదయ్యాక కొండలకి తీసుకెళతారట. మూడోది విన్‌స్టన్, విరిగింది కాబట్టి పోస్టులో ఉంది. గోడకి రెండే కనబడేసరికి పెద్దమ్మ "మూడోది ఎక్కడ దాచారు?" అని గరాజ్ అంతా వెతికింది. ఎక్స్.పి. మంచి ధరకే పోయింది, దాంతో పాటు మిగతా మూడూ. వాటి పేర్లు కూడా నాకు గుర్తు లేవు.

ఫెన్‌విక్ నాకిచ్చారు. నా హాస్టల్ రూములో బీరువా పైన అల్యూమినియం గొట్టంలో ఉన్నది అదే, కర్టెన్ రాడ్డు కాదు. మన దేశంలో ట్రౌట్ కావాలంటే హిమాచల్‌కో, కాశ్మీర్‌కో, కింద మున్నార్‌కో నీలగిరులకో పోవాలి. పోతానో లేదో. ప్రస్తుతానికి ఫ్లై బదులు రంగు ఊలు ముక్క కట్టి పొద్దున ఆరింటికి క్రికెట్ గ్రౌండులో విసురుతున్నాను. వాచ్‌మన్ రెండు రోజులు చూసి మూడో రోజు అడిగాడు, "ఏం పడుతుంది సార్ ఇక్కడ?" అని.

మొన్న దసరాకి పెదనాన్న హ్యూస్టన్ నుంచి ఫోన్ చేశారు. కొస వచ్చిందట. కొత్త ముక్క పచ్చకీ పాత పిడి పచ్చకీ కాస్త తేడా ఉందట. వంపు మాత్రం సరిపోయిందన్నారు. "పెరట్లో వేసి చూశాను. మీ పెద్దమ్మ నవ్వుతోంది" అన్నారు. తర్వాత నా ఫెన్‌విక్‌కి ఏ నంబరు లైను ఎక్కించానని అడిగారు. ఆరు అన్నాను. అయిదు వేసి చూడమన్నారు.